అంబాసిడరు కింద తుమ్మచెక్క

పటమట,
6 అక్టోబరు 2025

చెల్లాయ్ సంపూర్ణం,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండు రోజులు పెన్ను జేబులోంచి తీయలేదు. "రాసేదేదో రాసెయ్యండి, ఇటూ అటూ తిరిగి గచ్చు అరగ్గొడుతున్నారు" అని మీ వదిన బుల్లెమ్మ విసుక్కుంటే కూర్చున్నాను. నీ చెవులు పనిచేసే రోజుల్లో అయితే ఫోనులో రెండు నిమిషాల్లో తేలిపోయే సంగతి ఇది. ఇప్పుడు నువ్వు ఫోనెత్తి లాభం లేదు. బావ ఎత్తితే నాతో ఆఁ, ఊఁ తప్ప మాట్లాడడు. అంచేత ఉత్తరమే గతి. మా వీధి చివర పోస్టు డబ్బా ఇంకా ఉంది. అందులో ఉత్తరాలు వేసేది నేనొక్కణ్ణే కావటంతో పోస్టుమానుకు నా మీద కాస్త కోపం.

నవంబరు పదహారు, ఆదివారం, నాకు ఎనభై నిండుతాయని మా అబ్బాయి చక్రి మేడ మీద షామియానా వేయించి భోజనాలు పెడుతున్నాడు. ఇవన్నీ ఎందుకురా అన్నాను. అంటూనే వంటవాడెవరని అడిగానట, వాడు నవ్వాడు. మీరిద్దరూ రావాలి. రావటానికేం, వస్తారు. బావ ఏ శుభకార్యమూ మానలేదు. నాకు గుండె ఆపరేషనైతే ఆసుపత్రికి మూడుసార్లు వచ్చాడు. కానీ నలభై రెండేళ్ళుగా నా ఇంట్లో ఆకు ముందు కూర్చోలేదు. మంచినీళ్ళు తాగుతాడు, గడియారం చూస్తాడు, "వేళైంది" అంటాడు. మీ వదిన కట్టిచ్చిన క్యారేజీ పట్టుకెళ్ళి బస్టాండులో బల్ల మీద కూర్చుని తింటాడు. అదే అన్నం, అదే పప్పు. నా కప్పు కింద కాక గవర్నమెంటు కప్పు కింద. అంతే తేడా.

ఈ ఒక్కసారి అతను నా ఇంట్లో భోంచెయ్యాలి. అదీ నేను అడిగేది. నాకు ఎనభై, అతనికి ఎనభై ఒకటి. ఇంక ఎన్ని భోజనాలు వాయిదా వేసుకుంటాం.

ఇప్పుడే అడగబుద్ధి కావటానికి ఫిన్నీ కారణం. ఫిన్నీ ఎవరో నీకు చెప్పక్కర్లేదు గానీ, చెప్పుకోవటం నాకు సరదా. మా పక్కింటి సువార్తమ్మ కొడుకు, మన అంబాసిడరులో పుట్టినవాడు. ఎనభై ఒకటిలో వానాకాలం. సువార్తమ్మకు నొప్పులొచ్చాయి, వాళ్ళాయన తన ఫొటో స్టూడియో చీకటిగదిలో ఎవరి పెళ్ళి ఫొటోలో కడుగుతున్నాడు, తలుపు తీస్తే ఫొటోలు పాడైపోతాయని ఎవరూ తలుపు కొట్టలేదు. నేను కారు తీశాను. బెంజి సర్కిల్ ఇంకా దాటలేదు, వెనక సీటులోంచి మీ వదిన, "నెమ్మదిగా పోనివ్వండి, ఇప్పుడు మనం నలుగురం" అంది. ఆ మాట వినగానే నేను బండి ఆపి కిందికి దిగి నిలబడ్డాను. ఎందుకు దిగానో నాకు ఇప్పటికీ తెలియదు. వానలో నిలబడి హారను మోగించమని వాళ్ళకు చెప్పానట. ఆ పిల్లాడు ఇప్పుడు గుడివాడలో బ్యాంకు మేనేజరు. పదిమందిలో ఉన్నా సరే, "మావయ్యా, మన బండి" అనే అంటాడు.

సువార్తమ్మ మొన్న ఫిబ్రవరిలో పోయింది కదా. ఆవిడ పెట్టె సర్దుతుంటే వాళ్ళ నాన్న తీసిన ఫొటోలు దొరికాయని ఫిన్నీ ఒక కవరు తెచ్చిచ్చాడు. అన్నిట్లోనూ కారే ఉంది. మనుషులు దానికి అలంకారంగా నిలబడ్డారు. చూస్తూ కూర్చుంటే మధ్యాహ్నం గడిచిపోయింది.

డెబ్బై ఆరులో బందరు డాక్టరు గారి దగ్గర కొన్నాం. ఆయన డ్రైవరు హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి బండి నడిపేవాడట, అందుకని అది మన చేతికొచ్చేసరికే చచ్చిపోయింది. ఆటోనగర్ మెకానిక్ కాశిం దాన్ని నాలుగుసార్లు బిగించి, అయిదోసారి విసిగి, తుమ్మచెక్క ఒకటి ఏటవాలుగా కోసి, చిల్లు పెట్టి, లాగటానికి మూరెడు తాడు కట్టి నా చేతిలో పెట్టాడు. "అన్నా, నీ హ్యాండ్ బ్రేకు ఇదే, జాగ్రత్తగా వాడుకో" అన్నాడు. అప్పట్నుంచి మనింట్లో ఒక పద్ధతి. తోలినవాడు దిగి ముందు చక్రం కింద చెక్క పెట్టి గట్టిగా "పెట్టాను" అనాలి. ఎవరో ఒకరు "సరే" అనాలి. ఆ తరవాతే మిగతావాళ్ళు దిగాలి. గుడికెళ్ళినా, ఆసుపత్రికెళ్ళినా అంతే.

నాది అయిదో తరగతి చదువు. మిగతాదంతా మామిడికాయల గంపల అడుగున వేసే పాత పేపర్లు చదివి నేర్చుకున్నదే. అందుకే నాకు ప్రపంచంలో సంగతులన్నీ ఏడాది ఆలస్యంగా తెలిసేవి. మామిడి కమీషను వ్యాపారం చేసేవాడికి కారెందుకని అందరూ అడిగారు. వేసవిలో చూడాలి దాన్ని. మీ తోటలో రసాలు డిక్కీ నిండా గడ్డిలో వేసుకొస్తే పటమటలో ఆవులు వెంటపడి డిక్కీ నాకేవి. జులై దాటినా వాసన పోయేది కాదు. ముందు నలుగురు, వెనక ఏడుగురు. ఆ ముందు సీటు ఒకే బల్లలా ఉండేది గనక ఎంతమందినైనా ఒదిగించేది. ఇప్పుడు చక్రి కారులో అయిదుగురెక్కితే ఆరో మనిషి ఉన్నాడని అది కుయ్యిమంటుంది.

ఆ బండి పోయిన సంగతి రాయకూడదనుకున్నాను గానీ ఇంతదూరం వచ్చాక తప్పదు. ఎనభై మూడు కార్తీకంలో కంకిపాడు దగ్గర బందరు కాలువ గట్టున ఉసిరిచెట్ల కింద వనభోజనాలకు వెళ్ళాం, పదకొండుమందిమి. తోలింది బావ. మీ తోట బాటలో నేనే నేర్పాను. కోళ్ళకు కూడా హారను కొట్టి, అవి తప్పుకుంటే చెయ్యెత్తి దణ్ణం పెట్టేవాడు. కాలువ వైపు ముఖం పెట్టి ఆపాడు. "పెట్టాను" అన్నాడు. గంట గడిచాక కారు దానంతటది కదిలి, తొందరేమీ లేకుండా, నీళ్ళలోకి దిగిపోయింది. లోపల ఎవరూ లేకపోవటం మన అదృష్టం. పెట్టానంటాడు బావ. చక్రం ఉన్నచోట చూస్తే చెక్క లేదు. అప్పుడు అందరి ముందూ నేను, "పెడితే ఏదీ? దాహమేసి నీళ్ళకెళ్ళిందా?" అన్నాను. అందరూ నవ్వారు. ఇప్పటికీ మన చుట్టాల్లో తాళంచెవి కనపడకపోయినా నీళ్ళకెళ్ళిందేమో అంటారు. బావ ఆ రోజు నుంచి స్టీరింగు ముట్టలేదు, నా ఇంట ముద్ద ముట్టలేదు.

కాబట్టి నువ్వే ఎలాగో నచ్చజెప్పు. మేడ మీద కాలువలేమీ లేవు, చెక్క పెట్టకపోయినా ఏదీ జారిపోదని చెప్పు.

ఎనభైకి నలభై రోజుల దూరంలో ఉన్న
అన్నయ్య హనుమయ్య


మైలవరం,
13 అక్టోబరు 2025

అన్నయ్యా,

నీ ఉత్తరం ముందు మీ బావ చదివారు. పోస్టుమాను పిలిస్తే నాకు వినపడదు గనక ఏదొచ్చినా ఆయన చేతికే ఇస్తాడు. అరుగు మీద కూర్చుని చదువుతుంటే నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఫిన్నీ పుట్టిన దగ్గర కాబోలు, భుజాలు కదిలేలా నవ్వారు. తరవాత ఇంకోసారి నవ్వారు, అది ఆవులు అయ్యుంటాయి. ఆఖరి కాగితం చదివి, అన్నీ మడిచి, లోపలికొచ్చి నా ఒళ్ళో పెట్టి, చెప్పులేసుకుని తోటకు వెళ్ళిపోయారు. మామిడితోటలో ఈ నెలలో ఏం పనుంటుంది చెప్పు. పొద్దుగూకాక వచ్చారు. పలక తీసి ఏమైనా రాస్తారేమోనని చూశాను. నాతో మాట్లాడాలంటే ఇప్పుడాయనకు పలకే కదా. రాయలేదు.

బతిమాలటమూ గిచ్చటమూ రెండూ ఒకే కాగితం మీద ఎలా రాస్తావు నువ్వు? ఆ ఆఖరి మాట రాయకపోతే నీ చెయ్యి ఊరుకోదా?

వదిన ఆరోగ్యం ఎలా ఉంది? నడుం నొప్పికి నేను చెప్పిన నూనె వాడుతోందా?

నీ జ్ఞాపకాల్లో రెండు తప్పులున్నాయి. ఆ రోజు పదకొండుమందిమి కాదు, ఫిన్నీతో కలిపి పన్నెండుగురం. రెండేళ్ళవాణ్ణి నా ఒళ్ళో వేసి, లెక్కలో వదిలేశావు. రెండోది, ఆ కారులో మంచి చోటేదో నీకు తెలియదు, ఎప్పుడూ తోలేవాడివి కదా. ముందు సీటులో ఎడమ చివర. అక్కడ మూడు కోణాల చిన్న అద్దం ఉండేది. దాన్ని తిప్పితే గాలి సూటిగా మొహానికి కొట్టేది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ లోపల వినపడుతుంది. ఇంకేమీ వినపడదు గానీ అది వినపడుతుంది.

మాట అన్నది నువ్వొక్కడివే కాదులే. కళ్ళజోడు కనపడక ఆయన వెతుక్కుంటుంటే "నీళ్ళకెళ్ళిందేమో" అని నేనూ అన్నాను, చాలాసార్లు అన్నాను. ఇంక ఆ కారు సంగతి ఎత్తకు. ఆ ఫొటోలూ అవీ పెట్టెలోనే ఉండనీ.

పదహారున వస్తాం. మంచినీళ్ళు తాగుతారు. క్యారేజీ కట్టమని వదినకు చెప్పు.

సంపూర్ణం


పటమట,
19 అక్టోబరు 2025

చెల్లాయ్,

ఎత్తొద్దన్నావు. ఎత్తక తప్పదు. ఈ ఉత్తరం బావే ముందు చదవాలి, అందుకనే ఇంత పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి సిగ్గుపడి, ఆ ఫొటోలు దాచేద్దామని తీశాను. దాచేముందు మరోసారి చూడటం మనిషి బలహీనత. వనభోజనాల ఫొటో ఒకటుంది అందులో. సువార్తమ్మ గరిటె పట్టుకుని నిలబడింది, పక్కన మూడు రాళ్ళ పొయ్యి, పొయ్యి మీద మన పెద్ద ఇత్తడి గుండిగ. వెనకాల కారు ముక్కు. అంటే కారు ఇంకా గట్టు మీదే ఉందన్నమాట. పొయ్యి రాళ్ళలో ఒకటి పొట్టిది, గుండిగ ఒరిగిపోకుండా దాని కింద ఏదో పెట్టారు. భూతద్దం పెట్టి చూశాను. తాడు. మూరెడు తాడు, ఎలకతోకలా బయటికి వేలాడుతోంది.

భూతద్దం కింద పెట్టి చాలాసేపు కూర్చున్నాను. మీ వదిన వచ్చి, "ఏమైందండీ, ఎవరైనా పోయారా" అంది. చెక్క దొరికిందన్నాను.

బావ పెట్టాడు, సంపూర్ణం. నిజంగానే పెట్టాడు. దాన్ని తీసి పొయ్యి కింద పెట్టుకున్నాం. ఎవరు పెట్టారంటావు? పొయ్యి రాళ్ళు ఏరుకొచ్చి పేర్చింది నేను. చక్రం దగ్గర చెక్క కనపడితే తీసేది నేను కాక ఎవరు? నాకు తీసినట్టు జ్ఞాపకం లేదు. ఈ వయసులో మందు మింగానో లేదో కూడా జ్ఞాపకం ఉండదు, దాన్ని బట్టి ఏం చెప్పగలం.

ఇంకొకటి ఉంది. ఇది మాత్రం బాగా జ్ఞాపకం ఉంది, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. విస్తళ్ళ కోసం డిక్కీ తీసి, మూత దభీమని వేసింది నేనే. ఆ కుదుపుకు బండి కొంచెం ముందుకు ఊగింది. నేను చూశాను. ఆగిందనుకుని అటు తిరిగాను. మళ్ళీ చూసేసరికి కాలువలో ఉంది. అప్పుడు అందరూ చుట్టూ చేరి ఎలా జరిగింది, ఎలా జరిగింది అంటుంటే ఎక్కడ నా వంక చూస్తారోనని, అందరికంటే ముందు బావ మీద ఆ పరాచికం విసిరాను. నవ్వులో అంతా కొట్టుకుపోయింది. హాస్యం కోసం అన్న మాట కాదది. తప్పించుకోవటానికి అన్నది.

నిన్న ఆటోనగర్ వెళ్ళి కాశింకు చూపించాను. ఇప్పుడు షాపు వాళ్ళబ్బాయి ఇష్తియాక్ చూస్తున్నాడు, కాశిం కుర్చీలో కూర్చుని అందరికీ సలహాలిస్తాడు. ఫొటో చూసి, "నా చెక్కే" అన్నాడు. "అన్నా, కాలువలోంచి తీసినప్పుడు హ్యాండ్ బ్రేకు పైకి లాగి ఉంది. పనిచెయ్యని బ్రేకు కూడా లాగినవాడు చెక్క మర్చిపోతాడా అని అప్పుడే నీతో అన్నాను. నువ్వు నన్ను టీ తెమ్మన్నావు." నేను అలా అని ఉంటాను.

ఇంటికొచ్చి మీ వదినకు చెప్పాను, ఫిన్నీకి చెప్పాను. చక్రికి చెబితే వాడు మన చుట్టాలందరి వాట్సప్ గ్రూపులో పెట్టేశాడు, చెక్క తీసింది నాన్నే అని. ఎనభైకి పైగా నవ్వు బొమ్మలు వచ్చాయట, వయసుకు తగ్గట్టు.

ఫొటో ఇందులో పెడుతున్నాను. బావకు చూపించు. నా తరఫున ఏం చెప్పాలో నాకు తెలియటం లేదు, నువ్వు ఎలాగూ నాకంటే తక్కువ మాటల్లో చెబుతావు.

అన్నయ్య


మైలవరం,
24 అక్టోబరు 2025

అన్నయ్యా,

ఉత్తరం అందింది. కవరులో ఫొటో లేదు. పెట్టటం మర్చిపోయి ఉంటావు, మందుల సంగతి నువ్వే రాశావుగా. ఇప్పుడు వెతికి మళ్ళీ పంపాల్సిన పనేమీ లేదు. నువ్వు రాసింది చాలు. ఆయన చదివారు, ఏమీ అనలేదు. ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు, బట్టలు ఆరటం లేదు.

సంపూర్ణం


పటమట,
28 అక్టోబరు 2025

చెల్లాయ్,

ఫొటో పెట్టాను. మీ వదిన సాక్ష్యం, కవరు అంటించింది ఆవిడే. దారిలో ఎక్కడ పోయిందో గానీ, నువ్వు మొహమాటానికి వద్దన్నావని నాకు తెలియదా? చూడాలని నీకు మాత్రం ఉండదా? ఫిన్నీ చేత వాళ్ళ నాన్న నెగెటివు నుంచి ఇంకొకటి పెద్దది వేయించాను. ఇందులో తాడు ముళ్ళు కూడా లెక్కపెట్టుకోవచ్చు. అంచుల్లో ఒక ఆడమనిషి చెయ్యి సగం పడింది, ఎవరిదో పోల్చలేకపోయాం. ఈసారి పోకుండా కవరుకు నాలుగువైపులా జిగురు పూశాను.

అన్నయ్య


మైలవరం,
2 నవంబరు 2025

అన్నయ్యా,

ఈ ఉత్తరం ఆయన తోటలో ఉన్నప్పుడు రాస్తున్నాను. నేనే పోస్టు చేస్తాను. జవాబు ఆయన చేతికి పోకుండా ఎదురింటావిడ చిరునామాకు రాయి.

ఆ చెయ్యి నాది.

పొయ్యి దగ్గర ఉన్నది నేనూ సువార్తమ్మా. అన్నం సగం ఉడికాక గుండిగ ఒరిగింది. ఉప్పు డబ్బా కోసం కారు దగ్గరికి వెళ్ళినప్పుడు తాడు కనపడింది. వార్చగానే పెట్టేద్దాం అనుకుని లాగాను. బండి కదల్లేదు కదా, అనుకున్నాను. ఆయన "పెట్టాను" అన్నప్పుడు "సరే" అన్నది కూడా నేనే, అన్నయ్యా.

అది కాలువలోకి పోయినప్పుడు చెబుదామని ఒక అడుగు ముందుకేశాను. అప్పుడు నువ్వు ఆ మాట అన్నావు, అందరూ నవ్వారు. నవ్వయిపోయింది కదా, ఇంక ఎవరూ అడగరనుకున్నాను. రాత్రికి చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఏడాది గడిచాక ఇంక ఎలా చెప్పటం. ఎవరికీ అనుమానం రాకుండా నేనూ వాళ్ళతో కలిసి ఆయన్ని వెక్కిరించాను. నీది తప్పించుకోవటం అన్నావే, అది ఒక్క రోజు. నాది ఇంట్లో ఉంటూ, ఆయనకు అన్నం వడ్డిస్తూ.

నిన్న నీ రెండో కవరు వచ్చింది. కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన చింపారు. ఫొటో చూశారు. చూసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఉత్తరం మాత్రం మడిచి చేతిలో పట్టుకుని లోపలికి వచ్చారు. నేను చెయ్యి చాపాను. ఆయన ఉత్తరం ఇచ్చారు. నేను చెయ్యి తియ్యలేదు. పలక తీసి రాశారు: "కారు ఫొటో. మసకగా ఉంది. నీకు కనపడదు."

జేబులోంచి నేనే తీసుకున్నాను. దాంతోపాటు మొదటిది కూడా వచ్చింది. పది రోజులుగా జేబు మార్చి జేబులో పెట్టుకుని తిరుగుతున్నారన్నమాట.

"తీసింది నేను" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. ఎదురింటావిడ తలుపు తీసి చూసింది.

ఆయన పలక తుడిచి రాశారు: "తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"అప్పుడే. నువ్వు లాగుతుంటే చూశాను. బదులు రాయి వెతకటానికి గట్టు వెంట వెళ్ళాను. రాయి తెచ్చేసరికి బండి లేదు."

అప్పుడు జ్ఞాపకం వచ్చింది నాకు. అందరూ అరుస్తుంటే ఆయన ఒక పెద్ద రాయి రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎందుకు పట్టుకున్నారని ఎవరమూ అడగలేదు.

మరి ఎందుకు చెప్పలేదన్నాను. చాలాసేపు రాసి, తుడిచి, మళ్ళీ రాశారు: "అల్లుడు అలిగితే మీవాళ్ళు క్యారేజీ కడతారు. నువ్వు అలిగితే ఎవరు కడతారు?"

నాతోనైనా అనొచ్చుగా అన్నాను. "నువ్వు చెబుతావేమోనని చూశాను. తరవాత మర్చిపోయాను" అని రాశారు. అబద్ధం రాసేటప్పుడు ఆయన అక్షరాలు చిన్నవవుతాయి. ఆ వాక్యం చదవటానికి నేను కళ్ళజోడు పెట్టుకోవలసి వచ్చింది.

నేను నిర్ణయించుకున్నాను. పదహారో తారీకున మీ మేడ మీద అందరి ముందూ చెబుతాను. ఆయన వద్దంటున్నారు, పలక దాచేశారు. నువ్వు అడ్డుపడకు.

సంపూర్ణం


పటమట,
6 నవంబరు 2025

సంపూర్ణం,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ వదిన అడిగితే మందుల షాపు బిల్లన్నాను. ఆవిడ నమ్మలేదు గానీ ఊరుకుంది.

అడ్డుపడుతున్నాను. ఏం చేసుకుంటావో చేసుకో. నువ్వు చెబితే ఏమవుతుందో ఆలోచించు. అందరూ నిన్ను చూస్తారు, తరవాత బావను చూస్తారు, అయ్యో ఇన్నాళ్ళూ అంటారు. ఆ అయ్యో అతనికి అక్కర్లేదు. కావలసి ఉంటే నలభై రెండేళ్ళ క్రితమే తీసుకునేవాడు. ఒక మనిషి ఇంతకాలం మోసి దాచినదాన్ని వడ్డనల మధ్య విప్పి చూపిస్తావా?

చెక్క తీసింది నేనని ఊరంతా ఇప్పటికే ఒప్పుకున్నారు. నాకు పోయిందేమీ లేదు. ఫిన్నీ నన్ను "చెక్క మావయ్యా" అంటున్నాడు. మా మనవరాలు శ్రీదుర్గ కళ్ళజోడు వెతుక్కుంటూ నా జేబులు తడిమింది. డిక్కీ మూత వేసిన పాపం నాది ఎలాగూ ఉంది. దాని మీద ఇంకొంచెం వేసుకుంటే బరువేమీ తెలియదు. మాట అన్నది నేను, అది నా మీదికి తిరిగి రావటంలో న్యాయం ఉంది.

ఒకే ఒక్క భయం. బావ భోంచేస్తాడా? నేను తప్పు ఒప్పుకున్నంత మాత్రాన ఎందుకు చెయ్యాలి అతను? అసలు సంగతి అతనికి తెలుసు, నాకు తెలిసిందని అతనికి తెలుసో లేదో నాకు తెలియదు. ఇంత ఇరుకులో మనిషికి అన్నం దిగుతుందా?

హనుమయ్య


మైలవరం,
11 నవంబరు 2025

అన్నయ్యా,

సరే, చెప్పను. కానీ వస్తే నా నోరు ఊరుకోదు, నా సంగతి నాకు తెలుసు. పైగా నా గొంతు ఎంత పైకి పోతుందో నాకు వినపడదు. అందుకని నేను రావటం లేదు. జలుబు చేసిందని వదినకు చెప్పు. ఆయన్నొక్కరినే పంపిస్తున్నాను. భోజనం సంగతి నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

చొక్కా ఇస్త్రీ చేయించాను.

సంపూర్ణం


పటమట,
18 నవంబరు 2025

చెల్లాయ్,

బావ నీకు పలక మీద ఏం రాశాడో గానీ, రెండు వాక్యాలు మించి రాసి ఉండడు. అందుకని నేను రాస్తున్నాను.

పదకొండింటికి వచ్చాడు. ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాడు. శ్రీదుర్గ మంచినీళ్ళిచ్చింది. తాగాడు. ఫిన్నీ వచ్చి పక్కన కూర్చుని బ్యాంకు కబుర్లు చెప్పాడు, విన్నాడు. పన్నెండున్నరకు మేడ మీద ఆకులు వేస్తున్నారని చక్రి పిలిచాడు. బావ గడియారం చూసుకున్నాడు. "వేళైంది" అన్నాడు. నేను మెట్ల దగ్గర ఉన్నాను.

మీ వదిన వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చేతిలో క్యారేజీ లేదు.

"ఈసారి కట్టలేదు అన్నయ్యగారూ."

"ఎందుకమ్మా?"

"నలభై ఏళ్ళుగా కడుతున్నాను. నాకూ నడుం నొప్పి. తినేదేదో పైకెళ్ళి తినండి, లేదా పస్తు వెళ్ళండి. సంపూర్ణానికి నేను ఉత్తరం రాసుకుంటాను."

ఈ సంగతి ఆవిడ నాతో ముందుగా అనలేదు సుమా. బావ ఆవిడ వంక చూశాడు, తరవాత నా వంక చూశాడు. రాత్రంతా ఒక ప్రసంగం తయారు చేసుకుని ఉన్నాను. "బావా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను. "అవన్నీ ఇప్పుడెందుకోయ్, సాంబారు చల్లారిపోతుంది" అని నన్ను పక్కకు జరగమని మెట్లెక్కాడు.

నా పక్కన కూర్చోలేదు. ఎదుటి వరసలో, ఫిన్నీకీ కాశింకూ మధ్య కూర్చున్నాడు. ఒక్కటీ వదల్లేదు, సంపూర్ణం. అన్నిటికీ వంక పెట్టాడు. పప్పులో ఉప్పు లేదన్నాడు, గోంగూర రెండుసార్లు వేయించుకుని పులుపు చాలలేదన్నాడు. వంటవాడు బిక్కమొహం వేశాడు. నలభై రెండేళ్ళ వంకలు ఒక్క పూటలో పెట్టాలంటే అంతే మరి.

మధ్యలో కాశిం, "ఏమన్నా, చెక్క తీసింది నువ్వేనటగా" అని గట్టిగా అన్నాడు. అందరూ నవ్వారు. బావ ఆకు మీద నుంచి తలెత్తకుండానే, "పోనీలే కాశిం, వాడికప్పుడు ముప్పై ఎనిమిదేగా, పసివాడు" అన్నాడు. ఇంకా నవ్వారు. నేనూ నవ్వాను. చెప్పకేం, అంత సుఖంగా నేను ఈ మధ్య నవ్వలేదు.

భోజనాలయ్యాక కింద గదిలో మంచం మీద నడుం వాల్చాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఫ్యాను వంక చూస్తూ, "సంపూర్ణం ఎందుకు రాలేదో నీకు తెలుసా?" అన్నాడు.

"తెలియదు. జలుబట."

"నాకూ అంతే తెలుసు" అన్నాడు.

కాసేపటికి గురక మొదలైంది. నేను లేవలేదు.

నాలుగున్నరకు లేచి కాఫీ తాగాడు, పంచదార ఎక్కువైందన్నాడు. చక్రి కారులో దింపుతానంటే వద్దన్నాడు. ఆటోలో ఇద్దరం బస్టాండుకు వెళ్ళాం. మైలవరం మీదుగా పోయే తిరువూరు బస్సు సిద్ధంగా ఉంది. డ్రైవరు వెనకాల సీటు దొరికింది.

అన్నయ్య